జిద్దాలో వేపచెట్టున్న మేడ

ఈ సంచికకు చరిత్ర విషయము ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, గోలకొండ గురించో చార్మినారు గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వాటి గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక ఇంటి కథ చెప్పదలచుకొన్నాను. ఆ ఇల్లు మన దేశంలో లేదు. అయినా మన సభ్యుల కుటుంబాలలో హజ్ యాత్రకు వెళ్ళివచ్చిన ప్రతి పెద్దమనిషీ ఆ ఇల్లున్న ఊరి మీదుగా పోయి వచ్చినవారే. ఓడలో పోయినవారు దానికి బహు సమీపంగానే నడిచి ఉంటారు. విమానంలో పోయినవారికి మాత్రం జిద్దా అంటే విమానాశ్రయము, బస్సు, పాస్‌పోర్టుల క్యూ, అంతే.

మా నానాగారు 1950లలో బొంబాయి నుండి ఓడలో హజ్‌కు వెళ్ళినారు. తిరిగి వచ్చిన తరువాత మక్కా, మదీనాల గురించి ఎంత చెప్పేవారో జిద్దా గురించి కూడా అంత చెప్పేవారు. ఆయన జ్ఞాపకంలో జిద్దా అంటే రెండే సంగతులు. ఒకటి ఉక్కపోత. రెండవది, గాలిలో వేలాడుతున్నట్లుండే కొయ్య కిటికీలు. "అన్ని అంతస్తుల మేడలు అప్పటికి నేను బొంబాయిలో తప్ప చూడలేదురా" అనేవారు. ఆ మేడలలో కెల్లా పేరుపడినదే నేను చెప్పబోయే నసీఫ్ గారి ఇల్లు. అరబ్బీలో 'బైత్ నసీఫ్' అంటారు.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఊరు తెలియకపోతే ఆ ఇంటి యజమానికి అంత డబ్బు ఎక్కడిదో అర్థం కాదు. హిజ్రీ 26లో, అనగా క్రీ.శ. 647 ప్రాంతంలో, హజ్రత్ ఉస్మాన్ (రజి.) వారు మక్కాకు రేవుగా జిద్దాను నిర్ణయించినారు. అంతకుముందు రేవు షుఐబా. అప్పటినుండి మక్కాకు సముద్రం మీదుగా వచ్చే మనిషి గాని, బియ్యపు బస్తా గాని ఇక్కడ దిగవలసినదే. మక్కా ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. ఒంటె మీద రెండు రాత్రుల ప్రయాణము, నడుమ బహ్రా అనే చోట మజిలీ. 16వ శతాబ్ది మొదట పోర్చుగీసువారి భయంతో ఊరి చుట్టూ గోడ కట్టినారు. 1517లో వారు రానే వచ్చినారు గాని ఊరిని పట్టుకోలేక తిరిగిపోయినారు.

మన తీరానికీ ఆ రేవుకూ సంబంధము ఈనాటిది కాదు. గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుండి ఎఱ్ఱ సముద్రపు రేవులకు ఓడలు పోయేవి. యాత్రికులతో పాటు మక్కా బీదలకు పంచడానికి బియ్యము, అమ్ముకోవడానికి మన బట్టలు వాటిలో ఉండేవి. మచిలీపట్నం రేవు సందడి తరువాత తగ్గిపోయి, మనవాళ్ళకు బొంబాయే దారి అయినది. అయినా ఆ పాత లంకె పూర్తిగా తెగలేదు. ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా (1857-1869) కాలము నుండి హైదరాబాదు రాజ్యపు యాత్రికుల కొరకు మక్కాలో బసలు, అనగా రుబాతులు ఏర్పడినవి. మన ప్రాంతపు హాజీలు ఎందరో అద్దె లేకుండా వాటిలో బస చేసినారు.

1869 నవంబరులో సూయజ్ కాలువ తెరచినారు. దానితో ఎఱ్ఱ సముద్రము సందుగొంది వంటిదల్లా పెద్ద రహదారి అయిపోయినది. తెరచాప ఓడల స్థానంలో ఆవిరి ఓడలు వచ్చినవి. గాలివాటం కోసం నెలలు వేచియుండే పని తప్పినది. జావా, మలయా, బంగాళము, బొంబాయి, ఈజిప్టు, టర్కీ, అన్ని దిక్కుల నుండి యాత్రికులు వేలకు వేలుగా రాసాగిరి. ఆ తరువాత మూడేండ్లకే, 1872లో, ఉమర్ ఎఫెండీ నసీఫ్ అనే వర్తకుడు జిద్దాలో సూఖ్ అల్-అలవీ అనే బజారు వీధిలో పునాది వేసినాడు. 1881 నాటికి మేడ పూర్తయినది. తొమ్మిదేండ్లు పట్టినదన్నమాట. మనలో ఇల్లు కట్టినవారికి ఆ తొమ్మిదేండ్లు ఎలా గడిచి ఉంటవో వేరే చెప్పనక్కరలేదు!

ఉమర్ ఎఫెండీ సంపన్న వర్తక కుటుంబంలోని వాడు. వట్టి వర్తకుడే కాదు, జిద్దాకు గవర్నరుగా ఉన్నాడు. మక్కా షరీఫు గారికి జిద్దాలో వకీలు కూడా. ఇక్కడ వకీలు అంటే కోర్టు ప్లీడరు కాదు, షరీఫు తరఫున వ్యవహారములు చూచే ఏజెంటు. ఆ రోజులలో హిజాజులో అధికారము రెండు చేతుల్లో ఉండేది. ఇస్తాంబూలు నుండి వచ్చిన టర్కీ వాలీ ఒక ప్రక్క, మక్కా షరీఫు మరొక ప్రక్క. ఇద్దరికీ పడేది కాదు. ఇద్దరితోనూ పని ఉన్న వర్తకుడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవానివలె జాగ్రత్తగా నిలబడవలసి ఉండేది. అలా నిలబడి, అంత మేడ కట్టగలిగినాడంటే ఆయన తెలివితేటలు సామాన్యమైనవి కావు.

జిద్దాలో వర్తకము ఎలా నడిచేదో చూస్తే చిత్రంగా ఉంటుంది. రేవు ముందు సముద్రము నిండా పగడపు దిబ్బలు. ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేసుకొని నిలబడాలి. హాజీ అక్కడినుండి సంబూక్ అనే చిన్న పడవలో దిగాలి. పడవవానికి కిరాయి. ఒడ్డున సామాను మోసే హమాలీకి కూలి. సుంకము సరేసరి. తరువాత ముతవ్విఫ్ మనిషి వచ్చి మనిషిని అప్పగించుకొంటాడు. ఉండడానికి గదికి అద్దె. త్రాగడానికి నీళ్ళకు డబ్బు. రూపాయలను, జావా గిల్డర్లను, ఆస్ట్రియా వెండి డాలర్లను మార్చి ఇచ్చే సరాఫుకు వట్టం. మక్కా వరకు ఒంటె కిరాయి. తిరుగు ప్రయాణంలో ఓడ టిక్కెట్టు. వీటిలో ప్రతి మెట్టు దగ్గరా ఒక దలాలు, ఆ దలాలు మీద ఒక పెద్ద వర్తకుడు, ఆ వర్తకుని మీద ఒక అధికారి ఉండేవారు.

కాబట్టి జిద్దా మేడలన్నీ ఒక విధంగా హాజీల జేబుల్లోని చిల్లరతో కట్టినవే. ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చు. కాని చరిత్ర వ్రాసేటప్పుడు మేడ ఎత్తు చెప్పి, డబ్బు వచ్చిన దారి చెప్పకపోవడము న్యాయము కాదు. పొలము తాకట్టు పెట్టి, పుస్తెలు అమ్మి బయలుదేరిన రైతు, ఆఖరి మజిలీ దాకా చేతిలో డబ్బు నిలుస్తుందో లేదోనని మూట విప్పి లెక్కపెట్టుకొంటూ ఆ బజారు వీధిలో నడిచిపోయినాడు. 1880లలోను, 1890లలోను పడవల కిరాయి, ఒంటెల కిరాయి, తిరుగు టిక్కెట్లు కొద్దిమంది గుప్పిటలో పెట్టుకొని ధరలు పెంచుతున్నారని బ్రిటిషు కాన్సలుకు, టర్కీ దొరలకు కూడా ఫిర్యాదులు వెళ్ళినవి. డబ్బు అయిపోయి జిద్దా వీధుల్లో పడియున్న హిందూస్థానీ యాత్రికుల సంగతి బ్రిటిషు ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయినది. 1886లో యాత్రికుల రవాణా పనిని థామస్ కుక్ కంపెనీకి అప్పగించి చూచినారు. లాభము లేక పదేండ్లు తిరగకుండానే ఆ కంపెనీ చేతులెత్తేసింది. జిద్దా దలాళ్ళ ముందు లండను కంపెనీ కూడా నిలువలేకపోయినది మరి.

ఓడల సంగతి అంతకన్న దారుణము. 1880 ఆగస్టులో 'జిద్దా' అనే పేరుగల ఓడ సింగపూరు, పినాంగుల నుండి సుమారు 950 మంది హాజీలతో వస్తూ తుఫానులో చిక్కుకొన్నది. కెప్టెను, దొరలు రాత్రివేళ ఓడను, అందులోని జనాన్ని వదలి పడవలో దిగిపోయి, ఏడెన్ చేరి ఓడ మునిగిపోయిందని చెప్పినారు. మరునాడు ఆ ఓడ, అందులోని హాజీలతో సహా, మరొక ఓడ లాగుకొని రాగా ఏడెన్ రేవుకు వచ్చి చేరినది! తమ సొంత చేతులతో నీళ్ళు తోడిపోసుకొంటూ హాజీలే దానిని నిలబెట్టుకొన్నారు. జోసెఫ్ కాన్రాడ్ అనే రచయిత 1900లో వ్రాసిన 'లార్డ్ జిమ్' నవలకు మూలము ఈ సంఘటనే. ఉమర్ ఎఫెండీ మేడకు చివరి అంతస్తులు లేస్తున్న రోజులవి.

మరొక సంగతి కూడా దాచకూడదు. ఆ కాలపు జిద్దా బజారులో మనుషులను కూడా అమ్మినారు. ఆఫ్రికా ఒడ్డు నుండి తెచ్చిన బానిసలు పెద్ద ఇండ్లన్నిటిలోనూ పని చేసేవారు. అక్కడ బానిసత్వము చట్టరీత్యా రద్దయినది 1962లో మాత్రమే. అంత పెద్ద ఇండ్లలో నీళ్ళు మోసినదెవరు, పైకి వంట సామాను చేరవేసినదెవరు అని అడిగితే, వాళ్ళ పేర్లు ఏ గోడ మీదా లేవు.

ఇక ఇంటి లోపలికి పోదాము. జిద్దా చుట్టుప్రక్కల మంచి రాయి లేదు, కొయ్య లేదు. ఉన్నది సముద్రము ఒక్కటే. అందుచేత ఊరివాళ్ళు సముద్రంలోని పగడపు దిబ్బలనే కోసి రాళ్ళుగా వాడుకొన్నారు. ఆ రాయి తేలిక, చెక్కడం సులువు. కాని బలము తక్కువ, పైగా ఉప్పు గాలికి, తేమకు పొడిపొడిగా రాలుతుంది. దానికి వారు కనిపెట్టిన ఉపాయము బహు చక్కనిది. గోడ మూడు నాలుగు అడుగులు లేవగానే అడ్డంగా కొయ్య దూలాలు పరుస్తారు, దాని మీద మళ్ళీ రాయి, మళ్ళీ కొయ్య. గోడ ఒక ప్రక్క కొంచెం క్రుంగినా ఈ కొయ్య నడికట్టులాగ పట్టుకొని బరువును అటూ ఇటూ సర్దుతుంది. ఆ కొయ్య అరేబియాలో దొరికేది కాదు. టేకు కొయ్య హిందూస్థానము నుండి, జావా నుండి ఓడలలో వచ్చేది. ఆ రకంగా ఆ గోడల కడుపులో మన దేశపు అడవులు కూడా కొన్ని ఉన్నవనవచ్చును.

కొయ్య కిటికీలను 'రౌషన్' అంటారు. రౌషన్ అంటే వెలుగు అని మనకు తెలిసిన మాటే. గోడ బయటికి పెట్టెలాగా పొడుచుకొని వచ్చి, సన్నని జాలీ పనితో నిండి ఉంటుంది. లోపల దివాను వేసుకొని కూర్చుంటే మూడు వైపుల నుండి గాలి వస్తుంది. స్త్రీలు గోషాకు భంగము లేకుండా వీధి చూడవచ్చు. రాత్రివేళ అక్కడే పడుకొనేవారు, మట్టి కూజాలను ఆ గాలిలోనే చల్లబరచుకొనేవారు. పాత కర్నూలులోను, హైదరాబాదు దేవిడీలలోను పరదా కిటికీలు చూచినవారికి ఇది క్రొత్త కాదు గాని, నసీఫ్ గారి ఇంట్లో ఉన్నంత ఎత్తున, అంత పనితనంతో చూచి ఉండరు.

ఆ ఇంట్లో అందరూ విచిత్రంగా చెప్పుకొనేది మెట్ల సంగతి. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, దాదాపు ఏటవాలు దారివలె ఉంటవి. ఒంటెలను నేరుగా పై అంతస్తుకు నడిపించుకొని పోయేవారని ఊరిలో చెప్పుకొంటారు. వినడానికి తమాషాగా ఉన్నా అందులో అర్థము లేకపోలేదు. వంటిల్లు ఇంటి పైభాగాన ఉన్నది. పొగ, వేడి, వాసన క్రింది గదులకు రాకుండా పైనుంచే పోతవి. మరి కట్టెలు, నీళ్ళు, మాంసము, పిండి బస్తాలు రోజూ పైకి చేరాలి కదా! మనిషి మోసే దానికన్న జంతువు మోస్తే మేలు. అందుకే ఆ ఏటవాలు. ఒకసారి నిజంగా ఒంటె ఎక్కినదో, అల్లినవాళ్ళు ఎక్కించినారో గాని, కట్టినవాడు వర్తకుడు అని ఆ మెట్లే చెప్పుచున్నవి. సరకు ఎలా కదలాలో ముందు ఆలోచించి తరువాత గోడ లేపినాడు.

నీటి సంగతి మరవకూడదు. జిద్దాలో తీపి నీటి బావి లేదు. పెద్ద ఇండ్లవారు వాననీటిని భూమిలో తొట్లు కట్టి నిలువచేసుకొనేవారు. వాన ఏ రెండేండ్లకో ఒకసారి! 1850లలో ఫరజ్ యుస్ర్ అనే హిందూస్థానీ వర్తకుడు ఊరికి నీటి కాలువను బాగు చేయించినాడు. అది పూడిపోయిన తరువాత 1880లలో టర్కీ ప్రభుత్వము మరొకటి తెచ్చినది. తరువాత సముద్రపు నీటిని కాచి మంచినీరు చేసే యంత్రము వచ్చినది. సరియైన మంచినీరు వాదీ ఫాతిమా నుండి గొట్టాల ద్వారా ఊరికి వచ్చినది 1947లో. అప్పటిదాకా నీళ్ళు అమ్ముకొనేవాడే ఊరికి రాజు.

అలాంటి ఊరిలో నసీఫ్ గారి తలుపు ప్రక్కన ఒక వేపచెట్టు ఉన్నది. మన వేపచెట్టే. అరబ్బీలో కూడా దానిని 'నీమ్' అనే అంటారు, పేరు కూడా మనది తీసుకొనిపోయినారు. 1920 వరకు కూడా జిద్దా ఊరు మొత్తం మీద చెట్టు అనేది అదొక్కటేనట! అందుచేత ఆ మేడకు యజమాని పేరుతో పాటు 'చెట్టున్న ఇల్లు' అనే పేరు కూడా పడినది. మన ఊళ్ళలో "చింతచెట్టు దగ్గర" అని గుర్తు చెబితే ఏ చింతచెట్టు అని అడుగుతారు. జిద్దాలో "చెట్టు దగ్గర" అంటే చాలు, రెండవ ప్రశ్న లేదు. ఏ ఓడలో ఎవరి సామానుతో వచ్చినదో గాని, గుక్కెడు నీళ్ళు కొనుక్కొని త్రాగే ఊరిలో ఒక చెట్టుకు నీళ్ళు పోసి పెంచినారంటే, ఆ ఇంటివారి ఐశ్వర్యానికి అంతకన్న గుర్తు వేరే అక్కరలేదు. మేడ అంతస్తులకన్న అదే పెద్ద ఆడంబరము అని నాకనిపిస్తుంది. కాని నీడ మాత్రము వీధిలో పోయేవాడికీ దొరికినది.

ఉమర్ ఎఫెండీ తరువాత ఆ ఇంటికి పేరు తెచ్చినవాడు ఆయన మనుమడు షేక్ ముహమ్మద్ నసీఫ్. 1885లో పుట్టినాడు. తండ్రి చిన్నతనంలోనే పోగా తాతగారే పెంచినారు. తాత సరకు కూడబెడితే మనుమడు పుస్తకాలు కూడబెట్టినాడు. ఈజిప్టు నుండి, సిరియా నుండి, హిందూస్థానము నుండి అచ్చు పుస్తకాలు, వ్రాతప్రతులు తెప్పించినాడు. తన ఖర్చుతో పుస్తకాలు అచ్చు వేయించి ఊరికే పంచిపెట్టినాడు. హజ్‌కు వచ్చే ఆలిములు, రచయితలు, ప్రయాణీకులు ఏ దేశమువారైనా సరే, ఆయన ఇంట్లో దిగి, భోజనము చేసి, ఆ పుస్తకాలు చదువుకొని పోయేవారు. హాజీ నుండి ప్రతి మెట్టు దగ్గర డబ్బు తీసుకొనే ఊరిలో ఒక ఇంటి తలుపు ఊరికే తెరచి ఉన్నది.

1925లో జిద్దా సుమారు ఏడాది పాటు ముట్టడిలో ఉన్నది. షరీఫు హుసేన్ కుమారుడు అలీ లోపల, నజ్దు సుల్తాను అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సఊద్ సైన్యము బయట. డిసెంబరులో అలీ ఊరు విడిచిపోయినాడు. అబ్దుల్ అజీజ్ ఊరిలోకి వచ్చి, బస చేయుటకు ఎంచుకొన్నది నసీఫ్ గారి ఇల్లే. ఎందుకంటే ఊరిలో రాజుకు తగిన ఇల్లు మరొకటి లేదు. ఆ తరువాత కొంతకాలము జిద్దాకు వచ్చినప్పుడల్లా ఆయన దిగినది, అతిథులను, విదేశీ దూతలను కలిసినది అక్కడే. ఆ మరుసటి ఏడు, 1926లో, మక్కాలో జరిగిన ముస్లిం మహాసభకు మన దేశము నుండి మౌలానా ముహమ్మద్ అలీ, షౌకత్ అలీ సోదరులు, సయ్యద్ సులైమాన్ నద్వీ వెళ్ళినారన్నది మన పెద్దలు బాగా ఎరిగిన విషయమే. హిజాజు భవిష్యత్తు ఏమగునోనని హిందూస్థానము అంతా ఎదురు చూస్తున్న రోజులవి. తరువాత రాజుగారు ఊరి బయట ఖుజామ్ మేడ కట్టించుకొని అక్కడికి మారినారు. 1933 మే 29న అమెరికా చమురు కంపెనీతో ఒప్పందము మీద సంతకములు అయినది ఆ ఖుజామ్ మేడలోనే.

ఆ సంతకముతో హాజీల డబ్బు మీద బ్రతికిన పాత జిద్దా కాలము తీరిపోయినదని చెప్పవచ్చును. చమురు డబ్బు వచ్చిన తరువాత 1947లో ఊరి గోడ పడగొట్టినారు. మోటార్లకు వెడల్పయిన రోడ్లు కావలసి వచ్చినవి. పాత కుటుంబాలు ఒక్కొక్కటే సిమెంటు బంగళాలకు తరలిపోయినవి. ఖాళీ అయిన మేడలలో గదికి పదిమంది చొప్పున కూలివారు అద్దెకు దిగినారు. వారిలో మన దేశమువారు కూడా ఉన్నారు. పొట్టకూటికి వెళ్ళినవారికి రౌషను విలువ ఎవరు చెప్పినారు? యజమాని పట్టించుకోడు, అద్దెకున్నవానికి అధికారము లేదు. పైకప్పు కారుతుంది, పగడపు రాయి తడిసి పిండి అవుతుంది, ఒక గోడ పడితే ప్రక్క ఇంటి గోడ కూడా పడుతుంది. కొన్నింటిని నిప్పు తినివేసినది. వారసులు యాభైమంది అయితే సున్నము వేయించే బాధ్యత ఎవరిదీ కాదు. ఈ జబ్బు జిద్దాకు మాత్రమే పరిమితము కాదు. మన ఊళ్ళలో తాతల దేవిడీలకు, వక్ఫు ముసాఫిర్‌ఖానాలకు పట్టినది కూడా ఇదే గదా!

నసీఫ్ గారి ఇంటికి ఆ గతి పట్టలేదు. 1964 వరకు కుటుంబము అందులో ఉన్నది. తరువాత షేక్ ముహమ్మద్ నసీఫ్ ఇంటిని పుస్తకాలకే వదలివేసినాడు. క్రమంగా 16,000 పుస్తకములు అయినవి. ఒకప్పుడు వచ్చిన అతిథులకు పరుపులు వేసిన గదులలో బీరువాలు వచ్చినవి. 1971లో ఆయన కాలధర్మము చెందినారు. ఆ గ్రంథములన్నీ 1967లో జిద్దాలో స్థాపింపబడిన కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు చేరినవి. పంచుకొని ఒక్కొక్కరు ఒక్కొక్క బీరువా ఇంటికి తీసుకుపోయి ఉంటే ఈపాటికి చెదలకు, పాత కాగితాల వాళ్ళకు పోయి ఉండేవి. ఆయన మనుమడు డాక్టరు అబ్దుల్లా ఉమర్ నసీఫ్ ఆ విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడుగా పనిచేసి, 1983 నుండి 1993 వరకు రాబితా, అనగా ముస్లిం వరల్డ్ లీగ్, ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఆ పేరు మన ఉర్దూ పత్రికలలో చూచినవారికి ఈ ఇల్లు వారి ముత్తాత తండ్రి కట్టినదని తెలియకపోవచ్చు.

1970లలో ఇల్లు ప్రభుత్వము చేతికి వచ్చినది. అప్పుడు జిద్దా మేయరు ముహమ్మద్ సయీద్ ఫార్సీ. 1972 నుండి 1986 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు. చుట్టూ బుల్‌డోజర్లు తిరుగుతున్న కాలంలో పాత ఊరిని కూల్చవద్దని పట్టుబట్టి, ఏ ఇల్లు ఎంత విలువైనదో లెక్క వేయించి, నసీఫ్ గారి మేడను బాగు చేయించినాడు. అది మ్యూజియముగా, సభలు, ప్రసంగములు జరిగే చోటుగా మారినది. 2014 జూన్‌లో యునెస్కో వారు 'చారిత్రక జిద్దా, మక్కా ద్వారము' అని పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినారు. 2019లో ప్రమాద స్థితిలో ఉన్న 56 పాత కట్టడాల మరమ్మతుకు 5 కోట్ల రియాళ్ళు మంజూరు చేసినారు. అప్పటికే కూలిపోయిన వందల ఇండ్లను ఏ రియాలూ తిరిగి లేపలేదు.

బొంబాయి నుండి హజ్ ఓడలు 1995తో ఆగిపోయినవి. అందువల్ల ఈ తరము హాజీలకు జిద్దా రేవు తెలియదు. ఉమ్రాకు పోయేవారికి, అక్కడ ఉద్యోగములు చేసే మన పిల్లల దగ్గరకు పోయేవారికి మాత్రం ఒక పూట తీరిక దొరకవచ్చు. అటువంటివారు పాత ఊరిలో బాబ్ మక్కా దగ్గర దిగండి. ఒంటెలు మక్కాకు బయలుదేరిన వైపు అది. అక్కడినుండి బజారు వెంబడి పడమటగా, సముద్రము వైపుకు నడవండి. సుగంధ ద్రవ్యాల దుకాణాలు దాటి సూఖ్ అల్-అలవీలో పోతుంటే ఎడాపెడా మేడలు వంగి చూస్తున్నట్లుంటవి. ఎవరినీ దారి అడుగనక్కరలేదు, తలుపు ప్రక్కన చెట్టే చెప్పుతుంది.

చెట్టు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1980లలో అరఫాత్ మైదానంలో హాజీలకు నీడ కోసం ఏ చెట్టు పెంచాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆ ఎండకు, ఆ ఇసుకకు తట్టుకొని బ్రతికేది వేపే అని తేల్చినారు. సుమారు 50,000 వేప మొక్కలు నాటినారు. పోయిన ఏడు హజ్ చేసి వచ్చిన మా వీధిలోని ఒక పెద్దమ్మ, అరఫాత్‌లో మధ్యాహ్నము మన వేపచెట్టు క్రింద కూర్చున్నానని, చుట్టూ అందరూ దుఆ చేస్తుంటే తాను ముందు ఒక ఆకు త్రుంచి నమిలి చూచి, నిజంగా చేదుగానే ఉన్నదని రూఢి చేసుకొన్నానని చెప్పింది.